మామిడి ముక్కలు పేర్చిన జున్ను

నిన్న మనవరాలి పుట్టినరోజుకి మామిడి ముక్కలు పేర్చిన చీజ్‌కేక్ తెచ్చారు. చూడగానే మా అమ్మ జున్ను గుర్తొచ్చి, చెంచా చేతిలోనే ఆగిపోయింది.

డెబ్బైలలో గోదావరిఖని క్వార్టర్లలో పెరిగిన దోస్తులారా, బర్రె ఈనితే వాడంతా జున్ను పంచుకునేవాళ్లం, గుర్తుందా? అలా ఒకరోజు అమ్మ బెల్లం, మిరియాలు వేసి జున్ను వండి, నాన్నకు ఇష్టమని పైన మామిడిపండు ముక్కలు పేర్చింది. "నాయిన బాయిలకెళ్లి పైకొచ్చేదాక ఎవ్వరు ముట్టద్దు" అంది. మనిషి బొగ్గుబాయిలో, గని లోపల ఉండగా ఇంట్లో తీపి తినకూడదని ఆమె పట్టింపు.

నేను ఒక్క ముక్క దొంగతనంగా తిన్నాను. అంతలోనే వేళ కాని వేళ గని ప్రమాద సైరన్ మోగింది. అమ్మ వట్టికాళ్లతో గని గేటు వైపు పరుగెత్తింది. అంతా నా వల్లే అనుకుని, ఆ గిన్నె ముందే కూర్చున్నాను.

పొద్దుగూకుతుండగా నాన్న వచ్చాడు. బొగ్గు రాలి ఎవరిదో కాలు విరిగిందట. గిన్నెలో ఖాళీ చూసి, "తియ్యగున్నదా బిడ్డా?" అన్నాడు. నేను భోరుమన్నాను.

"తింటలేవేంది అమ్మమ్మా?" అంది నిన్న మనవరాలు.

"మీ నాయినను డ్యూటీ నుంచి రానియ్యి బిడ్డా" అన్నాను.

మా అల్లుడు చేసేది బ్యాంకు ఉద్యోగం.