అమ్మ రొట్టె తీసుకోని ఆదివారాలు

మా చిన్నప్పుడు... నెలలో మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల ఉండేది. ఆరాధన చివర్లో పాస్టరు అయ్యగారు రొట్టె విరిచేవారు. బాప్తిస్మం తీసుకున్న పెద్దవాళ్ళంతా ఒక్కొక్కరే లేచి ముందుకు వెళ్ళి అది తీసుకునేవాళ్ళు... మా అమ్మ మాత్రం కొంగు తల మీదికి లాక్కుని కూర్చునే ఉండేది.

"అమ్మా, నువ్వెళ్ళవా?" అని చెవిలో అడిగితే, "నోరు మూసుకుని ప్రార్థన చేసుకో" అని గదమాయించేది.

రెండు వరసల ముందు ఇంకొకావిడ కూడా లేచేది కాదు. మా రూతమ్మ పెద్దమ్మ... నాన్న వాళ్ళ అన్న భార్య.

సత్తెనపల్లి దగ్గర పల్లె మాది. తమ్ముడు పుట్టబోయే ముందు అమ్మ పుట్టింటికి వెళ్ళింది. అప్పుడే నాయనమ్మ మంచాన పడింది. పెద్దమ్మ ఒక్కతే చేసింది... తినిపించడం, కడగడం, రాత్రిళ్ళు మేలుకోవడం అన్నీ. నాయనమ్మ పోయిందని కబురందేసరికి అమ్మకు నెలలు నిండాయి. అయినా బస్సెక్కి వచ్చి, శవం మీద పడి ఏడుస్తుంటే, అందరి ముందూ పెద్దమ్మ అనేసింది.

"బతికుండగా గుక్కెడు నీళ్ళు పోయనిది... ఇప్పుడొచ్చి ఏడుస్తుంది!"

అంతే. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఎదురెదురు ఇళ్ళు... ఒకే చర్చి... పక్కపక్క చేలు. పిల్లలం మాత్రం ఇక్కడ సంగటి, అక్కడ పులుసు తినేవాళ్ళం.

మనసులో ఒకరి మీద కోపం పెట్టుకుని బల్ల దగ్గరికి రాకూడదని అయ్యగారు ప్రతిసారీ చెప్పేవారు. ఇద్దరూ ఆ మాటకు కట్టుబడ్డారు గానీ, ఒకరితో ఒకరు మాట్లాడటానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు.

అమ్మ పెళ్ళికి ముందే సాగర్ కాలువలో బాప్తిస్మం తీసుకుంది. స్త్రీల కూడికలో సాక్ష్యం కూడా చెప్పేది. ఒకరోజు అంట్లు తోముతుంటే అడిగాను... "రక్షణ పొందితే కోపం పోదా అమ్మా?"

అమ్మ చేతిలో గిన్నె ఆగిపోయింది. "పోవాలిగా... పోవట్లేదనేగా నా ఏడుపు" అంది.

నేను నాలుగో తరగతి చదివే ఏడు మిరప విరగకాసింది. ఒకే కల్లంలో ఇటు మా కాయ, అటు పెద్దమ్మ వాళ్ళ కాయ ఆరబోశారు. రేపో మాపో గుంటూరు మిర్చి యార్డుకు వేసుకెళ్ళాలి. ఆ శనివారం పెద్దనాన్నా పెద్దమ్మా చీరాలలో పెళ్ళికి వెళ్ళారు.

మధ్యాహ్నానికి పడమర నల్లగా కమ్ముకొచ్చింది. అదును గాని వాన... నాన్న, అమ్మ, నేను కల్లానికి పరిగెత్తాం. కాయ మీద కప్పడానికి మా దగ్గర ఉన్నవి రెండే పట్టాలు. పెద్దమ్మ వాళ్ళవి తాళం వేసిన ఇంట్లో ఉండిపోయాయి.

గబగబా మా కాయ కుప్పలు చేశాం. ఒక పట్టా సగానికే సరిపోయింది. రెండోది అమ్మ చేతిలోకి తీసుకుంది... తీసుకుని అటువైపు నడిచింది.

"ఏమే, యాడికి తీసుకెళ్తన్నావ్? మనది సగం అట్టానే ఉంది!" అని నాన్న అరిచాడు.

"వాళ్ళది మొత్తం అట్టానే ఉంది గదయ్యా!"

నాన్న ఏమనుకున్నాడో... వెళ్ళి పట్టా రెండో కొస పట్టుకున్నాడు. వాళ్ళ కాయ కుప్ప చేసి కప్పేలోపే చినుకులు మొదలయ్యాయి. గాలికి పట్టా లేవకుండా నేనొక మూల, అమ్మొక మూల కూర్చున్నాం. అమ్మ తడుస్తూ "ప్రభువా... ప్రభువా" అంటూనే ఉంది. మా కాయ సగం కళ్ళముందే తడిసిపోయింది.

పొద్దు వాలేవేళ వాళ్ళు బస్సు దిగి నేరుగా కల్లానికే పరిగెత్తుకొచ్చారు. పెద్దమ్మ పట్టా ఎత్తి కుప్పలోకి చెయ్యి పెట్టి చూసింది. పొడిగా గలగలలాడింది. తర్వాత మా కుప్ప వంక చూసింది...

"నీ కాయ తడుపుకుని నా కాయ కప్పావా? నీకేమన్నా పిచ్చా?"

"తడిస్తే ఆరబోసుకుంటాంలే అక్కా" అంది అమ్మ.

పెద్దమ్మ పెళ్ళి చీరతోనే ఆ బురదలో కూలబడింది. "అత్తకు ఒక్కదాన్నే చేసీ చేసీ ఒళ్ళు హూనమైపోయిందే... నోటికొచ్చింది అనేశా. నిండు చూలాలివని కూడా చూళ్ళేదు."

"నువ్వంత కష్టపడ్డావని నేనూ ఒక్కమాట అన్లేదక్కా..."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే మగవాళ్ళకు ఏం చెయ్యాలో తోచలేదు. చివరికి పెద్దనాన్నే, "ఏడ్చింది చాల్లే గానీ, చీకటి పడకముందే ఆ తడికాయ ఎత్తండి" అన్నాడు.

ఆ తర్వాత పెద్దమ్మ రోజూ వచ్చి మాతోపాటు కాయ ఏరింది... ముక్కులకు గుడ్డలు కట్టుకుని, తుమ్ముకుంటూ, నవ్వుకుంటూ. తడిసిందంతా తెల్లబడి తాలుకాయ కింద చవగ్గా పోయింది. ఆ ఏడు మాకు కొత్త బట్టల్లేవు. అయినా నాన్న అమ్మను ఒక్కమాట అనలేదు.

మళ్ళీ బల్ల ఆదివారం వచ్చింది. పెద్దమ్మ లేచి, ముందుకు కాకుండా వెనక్కి మా దగ్గరికి వచ్చి అమ్మకు చెయ్యి అందించింది... "పదవే."

ఇద్దరూ కలిసి వెళ్ళారు. తిరిగొచ్చిన అమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. ఇంటికొస్తూ నాతో అంది... "రక్షణ దేవుడు ఊరికే ఇచ్చాడే. దాని ప్రకారం బతకడమే రోజూ నేర్చుకోవాల్సొస్తంది."

పెద్దమ్మ ప్రభువులో నిద్రించి చాలా ఏళ్ళయింది. అలాంటి ఇద్దరి మధ్య నన్ను పెరగనిచ్చినందుకు దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పినా తనివి తీరదు...

ఇప్పుడు మాకు పెద్ద చర్చి, మంచి సౌండు, ఇంట్లో కూర్చుని చూసే ఆరాధనలు. మాటామాటా వస్తే నంబరు బ్లాక్ చేస్తాం... ఆదివారం మామూలుగానే వెళ్ళొస్తాం. బల్ల ముందు ఆగి, ఎవరితో మాట్లాడటం లేదో గుర్తు చేసుకునే భయం మాలో తగ్గిపోయింది.

మీ ఇంట్లోనూ మాటలు మానుకుని మళ్ళీ కలిసినవాళ్ళు ఉండే ఉంటారు... ముందుగా ఎవరు పలకరించారు? చెప్పండి, వినాలనుంది...