రాజుగారి ముఖం లేని రూపాయి

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. చేతిలో కొత్త ఫోను, తెనాలిలో ట్రాక్టరు సామాన్ల కొట్టులో లెక్కలు రాసే ఉద్యోగం, మధ్యాహ్నం పూట ఆ కొట్టుకి ఎవరూ రారు గనక బోలెడంత తీరిక. ఇన్ని వసతులున్నవాడు పండితుడు కాక ఏమవుతాడు? ఫోనులో వీడియోలు చూసి తేనెటీగల పెంపకంలో ఆరితేరాను, నడుంనొప్పి వైద్యంలో ఆరితేరాను, చివరికి పాత నాణేల మీద పడ్డాను. టంకశాలలో అచ్చు సరిగ్గా పడక తప్పుతో బయటికొచ్చిన నాణేలకి ఎంత గిరాకీయో ఒకాయన గొంతు చించుకుని చెప్పేవాడు. (ఆయన వెనకాల గోడ పెచ్చులూడి ఉండేది. అంత తెలిసినవాడు గోడ ఎందుకు బాగుచేయించుకోలేదో నాకప్పుడు తట్టలేదు.)

ఆ పాండిత్యం వెనక ఒక అవసరం కూడా ఉంది లెండి. బాపట్ల నుంచి రోజూ తెనాలి వచ్చి బళ్ళో పాఠాలు చెప్పే ఒకమ్మాయికీ, రేపల్లె నుంచి రోజూ వచ్చే నాకూ స్టేషను బయట టీకొట్టు దగ్గర మాటలు కలిసి, అవి పెళ్ళి చేసుకుందామనేదాకా వచ్చాయి. మా ఇంట్లో సరేనన్నారు. మిగిలింది వాళ్ళ నాన్నగారు. "మా నాన్నకి నాణేలంటే ప్రాణమండి. ఇంటికొచ్చినవాళ్ళకి మంచినీళ్ళ కంటే ముందు అవే చూపిస్తారు. వాటి గురించి నాలుగు ముక్కలు మాట్లాడితే చాలు, మిమ్మల్ని నెత్తిన పెట్టుకుంటారు" అందా అమ్మాయి. నా ఉద్యోగం గురించి అడిగితే చెప్పడానికి రెండు ముక్కలు కూడా లేవు గనక, నాణేలే నాకు దిక్కయ్యాయి.

సరిగ్గా అప్పుడే మా నాయనమ్మ దేవుడి పీట మీద తెల్లదొరల కాలంనాటి వెండి రూపాయి ఒకటి నా కంట పడింది. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే, కానీ పండితుడి కళ్ళతో చూడ్డం అదే మొదటిసారి. ఒక పక్క అక్షరాలూ లతలూ దివ్యంగా ఉన్నాయి. తిప్పి చూస్తే రాజుగారి తల ఉండాల్సిన పక్క నున్నగా, ఖాళీగా, అప్పడంలా ఉంది! వీడియో ఆయన చెప్పిన ఒకవైపు అచ్చు నాణెం! "నాయనమ్మా, దీన్ని బాపట్ల తీసుకెళ్తున్నా" అన్నాను. "అదెందుకురా? దాని సంగతి..." అని ఆవిడేదో అనబోయింది. "నీకు తెలీదులే. ఇది టంకశాలవాళ్ళ తప్పు" అని నోరు మూయించాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నేనూ వస్తాను, పద" అంది.

బాపట్లలో ఆ పెద్దమనిషి నిజంగానే మంచినీళ్ళ కంటే ముందు నాణేల పెట్టె తెచ్చారు. నేను ఆగితేగా! "మామయ్యగారూ, ముందు ఇది చూడండి" అని జేబులోంచి రూపాయి తీశాను. (పిల్లనిస్తానని ఆయన ఇంకా అనలేదు. మామయ్యగారూ అని నేనే తొందరపడ్డాను.) అరుగుదల వేరనీ, అచ్చు తప్పు వేరనీ, కళ్ళున్నవాడికి తేడా ఇట్టే తెలుస్తుందనీ ఆయనకే పాఠం మొదలెట్టాను. లోపలి గది గుమ్మం దగ్గర నుంచి ఆ అమ్మాయి ఇక చాలన్నట్టు కళ్ళతో సైగ చేస్తోంది. మెచ్చుకుంటోందనుకుని ఇంకాస్త పెంచాను.

ఆయన ఓపిగ్గా అంతా విని, భూతద్దం పెట్టుకుని అటూ ఇటూ తిప్పారు. చిన్న కాటా తెచ్చి తూచారు. "చూడు బాబూ, అచ్చు కింద రెండు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పడితే, ఒక్కోదానికి ఒక పక్కే బొమ్మ పడుద్ది. అది నిజం తప్పు. కానీ అందులో వెండి ఎక్కడికీ పోదు, బరువు తగ్గదు. ఇది బాగా తగ్గింది. అంచు కూడా ఈ పక్కే అరిగిపోయింది. ఇదిగో, సన్నటి గీతలు, అన్నీ ఒకే వాటాన. ఎవరో పనిగట్టుకుని రుద్దిపారేశారు" అన్నారు. "ఎవరో వెధవ అయ్యుంటాడండి" అన్నాను, ఎలాగోలా పరువు నిలబెట్టుకోవాలని.

"ఎవరో ఏంటి నాయనా, వీడే!" అంది మా నాయనమ్మ. "శుక్రవారం శుక్రవారం పూజసామాను తోమడం చిన్నప్పుడు వీడి పనేగా. చింతపండెట్టి తోమరా అంటే, చెయ్యి నొప్పని పంపు దగ్గర గచ్చు మీదేసి రుద్దేవాడు. అదీ పైకి కనపడే పక్కే. ముందు రాజుగారి ముక్కు పోయింది, తర్వాత చెవి పోయింది. ఆనక ఆయనే పోయాడు. చెబుదామంటే విన్నాడా? తోమినందుకు బెల్లంముక్క పెట్టేదాన్ని కూడాను." బెల్లం రుచి గుర్తొచ్చింది నాకు. పంపు గుర్తొచ్చింది, గచ్చు గుర్తొచ్చింది. నేను వెతుకుతున్న ఆ మహత్తర టంకశాల నా కుడిచెయ్యేనని తెలిశాక తల ఎత్తలేకపోయాను. గుమ్మం దగ్గర ఆ అమ్మాయి చున్నీ నోట్లో కుక్కుకుంటోంది. అయిపోయింది, సంబంధం గోవిందా అనుకున్నాను. నిజంగా ఏడుపొచ్చింది.

ఆయన రూపాయి నా చేతిలో పెట్టారు. "ఉద్యోగం సంగతి నేనడగను, నువ్వు చెప్పవు. నాణేల సంగతి మాత్రం ఇంకెప్పుడూ మాట్లాడకు" అన్నారు. తర్వాత కూతురి వైపు తిరిగి, "అమ్మా, రాజుగారు పోయేదాకా మానకుండా వాళ్ళ నాయనమ్మకి తోమిపెట్టాడంటే, నీకు గిన్నెల బాధుండదు. ముహూర్తం పెట్టించమంటావా?" అన్నారు. అప్పుడొచ్చాయి మంచినీళ్ళు.

నాయనమ్మ పోయేముందు ఆ రూపాయిని మా ఆవిడ చేతిలో పెట్టింది. ఇప్పుడది మా దేవుడి పీట మీద ఉంటుంది. శుక్రవారాలు తోమేది ఇప్పటికీ నేనే. (గిన్నెల విషయంలోనూ మామగారి మాట పొల్లుపోలేదు.) "అక్షరాలవైపు మాత్రం ముట్టుకోకండి, మిగిలిందదొక్కటే" అంటుంది మా ఆవిడ. చింతపండు రాసి కడిగితే ఆ నున్నటి పక్క తళతళలాడుతుంది. రాజుగారు ఉండాల్సిన చోట నా ముఖం మసగ్గా కనపడుతుంది. మొన్న శుక్రవారం అలా చూసుకుంటూ, "ఏమోయ్, నుదుటి మీద జుట్టంతా ఏమైందంటావ్?" అన్నాను. మా ఆవిడ రూపాయినీ నన్నూ మార్చి మార్చి చూసి, వాళ్ళ నాన్న గొంతుతో అంది: "అరుగుదలేనండి. అచ్చు తప్పు కాదు."