మళ్లీ తీయించిన చక్రం

నిన్న నా సైకిల్ వెనక చక్రం చైనుకి చిక్కుకుని ఎంత లాగినా ఊడిరాలేదు. చేతికంటిన గ్రీజు వాసనకి కొల్లేటికోటలో మా వాకిలి గుర్తొచ్చింది.

నాన్న ఏలూరికి చేపలు వేసుకెళ్లే సైకిల్‌కి ఓ సాయంత్రం వెనక టైరు పంచరైంది. జబ్బుపడ్డ ఆయన మంచం మీంచే అమ్మ చేత చక్రం తీయించారు.

“తుప్పు పట్టేసిందండీ, నట్టు తిరగట్లేదు,” అంది అమ్మ.

“కిరసనాయిలు పోసి నాననియ్యి. ముందు చైను తప్పించి, అప్పుడు లాగు.”

చక్రం వచ్చింది. దాన్ని బిగించి మళ్లీ తీయమన్నారు. తను కదలకుండా అమ్మని విసిగిస్తున్నారని నాకు ఒళ్లు మండింది.

ఆ వానాకాలం దాటకుండానే నాన్న పోయారు. చేపల తట్టతో ఏలూరికి ఆ సైకిల్ అమ్మే తొక్కింది. నడిదారిలో పంచరైనా, చీకటి పడకముందే ఇంటికి చేరేది.