సులోచనక్క ఆపేసిన మాత్ర

చిక్కడపల్లి వైపు వస్తే మీరు సులోచనక్కను కలవకుండా వెళ్లకూడదు. అశోక్‌నగర్‌లో మా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కిటికీ పక్క మిషన్ ఆమెది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో వాచి బిగుసుకుపోయిన వేళ్లు, వారానికొకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్రతో దారికొచ్చాయి. ఓ ఆఫీసులో టెంపరరీ టైపిస్టు. 1996లో టైపు హయ్యర్ పరీక్ష పాసైతే పర్మనెంట్ చేస్తామన్నారు. తర్వాతి పరీక్ష నాటికి ఉద్యోగానికి ఆమె వయసు దాటిపోతుంది.

పరీక్ష ఇంకో నెల ఉందనగా గల్లీ కుక్క ఆమె పిక్క కరిచింది. రోజూ ఆమే బ్రెడ్డు వేసే కుక్క. అక్క మీద ప్రేమతో గల్లీవాళ్లంతా రాళ్లు పట్టుకుని దాన్ని తరిమేశారు.

డాక్టర్ విశ్వేశ్వరరావు గారు మొదట కుక్క గురించే అడిగారు.

"పది రోజులు మంచిగ తిరిగితే భయం లేదమ్మా. యాడుంది?"

"మావోళ్లు నారాయణగూడ దాక ఉరికిచ్చిన్రు సార్."

"మంచి పని జేసిన్రు. ఇగ సూదులు తప్పవు."

గాయం కడిగించి, రేబిస్ క్రిమిని అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీలను గాయం చుట్టూ సూదితో ఎక్కించి, టీకా మొదలుపెట్టారు. ఇంకేం మందులు వాడుతున్నావని అడిగితే అక్క కీళ్ల మాత్ర పేరు చెప్పింది.

"ఎక్కిచ్చినవి కొన్నాళ్లే ఉంటయి. తర్వాత టీకాను చూసి నీ రక్తంల కణాలే యాంటీబాడీలు తయారు చేసుకోవాలె. నీ కీళ్ల మాత్ర ఆ కణాలనే జర అణచిపెడ్తది. అందుకే నీకు వాపు తగ్గింది. ఇప్పుడదే అడ్డం. సూదులైపోయేదాక ఆపు."

"ఆపితే వేళ్లు వాస్తయి సార్. పరీక్షుంది."

"ఎంత అడ్డం పడ్తదో నేను చెప్పలేను. రేబిస్ వస్తె మాత్రం మందు లేదు."

ఇంట్లో ఆమె మేనత్త బుగ్గమ్మ ఒకటే పోరు. "మన గల్లీ కుక్కనే గద, దానికేం రోగం? నౌకరి పోతే కుక్క తెచ్చిస్తదా?"

అక్క ఆపేసింది. పరీక్ష నాటికి వేళ్లు వాచి, కీ నొక్కితే పక్క కీ కూడా పడుతోంది. పేజీ సగంలో ఉండగానే గంట కొట్టారు. పరీక్షా పోయింది, పర్మనెంటూ పోయింది.

సూదులయ్యాక మాత్ర మళ్లీ మొదలైంది, వేళ్లూ తేరుకున్నాయి. ఓ సాయంత్రం నారాయణగూడలో మటన్ దుకాణం ముందు ఆ కుక్కే కనిపించింది. బాగా బలిసింది. అక్కను చూసి తోకూపింది.

"ఆ నెలంత యాడికి వోయినవే?" అంటూ అక్క దానికి బ్రెడ్డు ముక్క వేసింది. నావైపు తిరిగి, "మల్ల గట్లయితే మల్ల ఆపుత. ఇది బతికున్నదని అప్పుడు నాకేమెరుక?" అంది.

కుక్క జాడ లేదు, పరీక్ష దగ్గర్లో ఉంది, మాత్ర అరచేతిలో ఉంది. మీరైతే మింగేవారా?