మెడ మీద బొటనవేలు

తొంభైల చివర్లో నేను విశాఖలో సర్జరీ పీజీ రెండో ఏడు చదువుతున్నాను. ఒకరోజు పొద్దున్న తొమ్మిదింటికి ఫిషింగ్ హార్బర్ నుంచి ఒకతన్ని ఆటోలో తెచ్చారు. గాలానికి పడ్డ కొమ్ముకోనాం చేప బోటు మీద కొట్టుకుంటూ ఈటెలాంటి మూతితో అతని మెడకు ఎడమవైపు పొడిచేసిందట. ఆ కన్నం మీద బావమరిది బొటనవేలు నొక్కిపెట్టి, ఒడ్డు చేరేదాకా, ఆ తర్వాత ఆటోలోనూ, అలాగే ఉన్నాడు.

"చెయ్యి తియ్యి, చూడాలి" అన్నాను.

"తియ్యను బాబూ. తీత్తే మా బావ పోతాడు."

నాకే వైద్యం నేర్పుతున్నాడని ఒళ్ళు మండింది. అలాంటి గాయాన్ని థియేటర్ బయట కెలకకూడదని పుస్తకంలో చదివినవాణ్ణే. అయినా అతని మణికట్టు పట్టుకుని లాగేశాను. నెత్తురు నా కళ్ళద్దాల మీద చిమ్మింది. నేను కొయ్యబారిపోయాను. అతనే మళ్ళీ తడుముకుని వేలు పెట్టాడు. అప్పటికే బావ మాట ఆగిపోయింది, నాడి అందడం లేదు.

థియేటర్లో అతని చేతికీ, రోగి మెడకీ కలిపే అయోడిన్ పూశాం. మా ప్రొఫెసర్ మెడ తెరిచి, మెదడుకు నెత్తురు తీసుకెళ్ళే ధమనిని కన్నానికి పైనా కిందా బిగించాకే ఆ వేలు తియ్యనిచ్చారు. కుట్టేశాక తలెత్తి, నా కళ్ళద్దాల అంచున ఎండిన నెత్తురు చూసి అడిగారు.

"మధ్యలో చెయ్యి ఎవరు తీశారు?"



"నానే బాబూ. సెయ్యి జారిపోనాది" అన్నాడు ఇంకా అక్కడే నిలబడి ఉన్న బావమరిది.

నా పేరు చెబితే బావని మేం సరిగ్గా చూడమేమోనని భయపడ్డాడు. ఆ సంగతి నాకు అప్పుడే అర్థమైంది. కాదు, నేనే లాగాను అనడానికి ఒక్క మాట చాలు. అనలేదు.

మర్నాడు రోగి కళ్ళు తెరిచాడు. కుడిచేతి వేళ్ళు కదలలేదు. మెదడు ఎడమ సగానికి నెత్తురు తగ్గితే పడిపోయేది కుడిచెయ్యే. గంటకోసారి వెళ్ళి నా వేళ్ళు పట్టుకోమనేవాణ్ణి. గాయం వల్లే పోయిందో, నేను లాగినందుకు పోయిందో ఎవరూ చెప్పలేరు. 

కుట్లు విప్పేరోజు రోగి భార్య మంచం పక్కనే నిలబడింది. బావమరిదికి సొంత అక్క ఆవిడ.

"నా తమ్ముడు సెయ్యి జారబట్టే మా ఆయనకి సెయ్యి పడిపోనాది డాట్రుగారూ. ఇంక వల ఎవులు లాగుతారు?"

బావమరిది గుమ్మం దగ్గర తలొంచుకుని నిలబడ్డాడు. నేను తర్వాతి కుట్టు కత్తిరించాను.