వదిన చేపలకు నీళ్ల మందు

చాంపియన్ రీఫ్స్ గని కూలోళ్ల లైను ఇండ్లలో చేపలతొట్టికి నీళ్ల మందు ఎన్నుకోవడం అందరికీ నేర్పింది నేనే.

డ్రమ్ముల్లో పట్టిపెట్టిన నీళ్లు వంటకే చాలవని మా వదిన తొట్టికి నేరుగా కొళాయి నీళ్లు పోసింది. ఆ నీళ్లలో ఉండే బ్లీచింగుకు రెండు తప్ప చేపలన్నీ చచ్చి తేలినాయి.

ఏం కొన్నా "ఇది పనికా, చూసేదానికా?" అని అడుగుతాది వదిన. అట్లాంటామె మందుకని పోతే చేపల అంగడివాడు నీళ్లను నీలంగా మెరిపించే సీసా అంటగట్టబోయినాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతాది.

"ఉండే రెండూ చస్తే నువ్వు బతికిస్తావా రా? బ్లీచింగు విరిచేది ఇయ్యి!" అని సీసాను బల్లమీద కొట్టి అరిచినాను.

ఇంగ నిజం చెప్తా. అరిచింది వదిన. నేను పక్కన నిలబడినాను, అంతే.

ఇది చదివి వినిపిస్తే వదిన కసిరింది: "ఊరికే నిలబడితివా? 'నీలం బాగుండాది, అదే తీసుకో వదినా' అంటివి గదప్పా!"