ఫెస్టీ బాబాయ్ పొలంలో ముళ్ళపొద

పక్కింటి ఫెస్టీ బాబాయ్‌కి పద్దెనిమిది గొర్రెలు, రాతిగోడల మధ్య నాలుగెకరాలు ఉన్నాయి. ప్రభుత్వ సబ్సిడీ పచ్చిక ఉన్నంత మేరకే ఇస్తారు. ఆయన పొలం మూల పెద్ద ముళ్ళపొద ఉండేది. ఉపగ్రహ ఫొటోలు చూసి అధికారులు ఏటా ఆ పొద మేరకు సబ్సిడీలో కోత పెట్టేవారు.

"కొట్టించెయ్ బాబాయ్, ఏం మొండితనం నీది!" అని తిట్టేవాణ్ణి.

"ఉండనీరా, నీ సొమ్మేం పోయింది?" అనేవాడు.

ఈ వసంతంలో ఆయన తుంటి విరిగి ఆసుపత్రిలో పడ్డాడు. ఇదే అదనని నేను జేసీబీ తెచ్చి పొదను వేళ్ళతో సహా పెకలించి, గడ్డి విత్తనాలు చల్లాను.

తిరిగొచ్చాక ఆయన చేతికర్రకు ఆనుకుని ఆ మూలనే చూస్తూ నిలబడ్డాడు.

"ఈసారి పైసా తగ్గకుండా వస్తుంది బాబాయ్," అన్నాను గొప్పగా.

"నీకు తెలీదులే కోల్మన్," అన్నాడు. "బాప్తిస్మం కాకుండానే చనిపోయిన పసిబిడ్డల్ని ఆ రోజుల్లో చర్చి శ్మశానంలోకి రానిచ్చేవాళ్ళు కాదు. మా పాపని మా ఆవిడ చూడకుండా నేనే తెచ్చి ఆ పొద కింద పెట్టాను."

వంగి మట్టి తడిమాడు.

"తలదగ్గర తెల్లరాయి ఒకటి పెట్టానురా. కనబడటం లేదు."

అక్కడి రాళ్ళన్నీ ఏరి గోడ కంతల్లో కుక్కిన వెధవని నేనే.